ఊటబండ ఈగకు కాళ్లెన్ని?

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న ఊటబండ ఉండేది. అడవి పెద్దదని ఊరికే అనడం లేదు. అందులో సింహంగారి కొలువు ఉంది, కొలువు కింద జీవశాస్త్ర పరిషత్తు ఉంది, పరిషత్తుకు అధ్యక్షుడున్నాడు, అధ్యక్షుడికి పొట్ట ఉంది. పెద్ద అడవి అనిపించుకోవడానికి ఇంకేం కావాలి?

ఆ అధ్యక్షుడు గోదురుకప్ప. ఈగల విషయంలో ఆయనకున్న అనుభవం అడవిలో మరొకరికి లేదు. తోక ఊడిన రోజు నుంచీ మింగుతూనే ఉన్నాడు. ఆ అర్హత చూసే పదవి ఇచ్చారు. పరిషత్తులో ఆయన కాక ఉన్న ఒకే ఒక్క సభ్యుడు తొండ. ఎవరేమన్నా తల ఊపుతాడు కాబట్టి తొండ గొప్ప మేధావి అని అందరి నమ్మకం.

ఊటబండ మీద ఎండాకాలంలో కూడా చెమ్మ ఆరేది కాదు. ఆ చెమ్మ మీద, పచ్చగా మెరిసే పొడుగుకాళ్ల ఈగలు కాపురముండేవి. వాటిలో మగవాళ్లకు ముందుకాళ్ల చివర తెల్లటి కుచ్చులుంటాయి. పెళ్లి కావాలంటే ఆ కుచ్చులు ఊపుతూ ఆడఈగ ముందు ఆడాలి. ఆట నచ్చితే కాపురం, లేకపోతే లేదు. కులగోత్రాలు అడగడం వాళ్లకు తెలియదు, పాపం. ఆ బండ మీద తప్ప వాళ్లు ఇంకెక్కడా బతకలేరు.

అలాంటి బండ మీద అడవిపందుల కన్ను పడింది. దాన్ని పెకలించి బురదగుంట చేసుకుంటామని కొలువుకు వెళ్లాయి. కొలువులో ఒక చట్టముంది. ఏదైనా జాతి ఒక్కచోటే బతుకుతుంటే ఆ చోటు ఎవరూ ముట్టుకోకూడదు. అయితే అదొక జాతి అని పరిషత్తు చెప్పాలి. చెప్పేదాకా ఆ జాతి ఉన్నా లేనట్టే.

పచ్చల అనే ఆడఈగ తన అన్న తళుకును వెంటబెట్టుకుని గోదురుకప్ప దగ్గరికి వెళ్లింది. నాలుక అందనంత దూరంలో నిలబడి, "అయ్యా, మా బండ పోతే మేమూ పోతాం. మాదీ ఒక జాతి అని ఒక్క మాట చెప్పండి చాలు," అంది.

గోదురుకప్ప ఇల్లు కూడా ఆ బండ కిందే ఉంది. పందులొస్తే ముందు కూలేది అదే. ఆ సంగతి పైకి చెప్పకుండా గొంతు ఉబ్బించాడు. "శాస్త్రానికి జాలి ఉండదమ్మా, పద్ధతి ఉంటుంది. మీలో ఒక మగవాడు చచ్చి, పరిషత్తులో ముల్లుకు గుచ్చి ఉండాలి. వాణ్ణి చూసి వర్ణిస్తాం. వర్ణించాకే మీరు ఉన్నట్టు."

"బతికున్నవాళ్లను చూసి వర్ణించకూడదా అయ్యా?"

"బతికున్నవి కదులుతాయి. కదిలేవాటిని నమ్మలేం."

తొండ తల ఊపాడు.

తళుకు ముందుకొచ్చాడు. "నా ఒక్కడితో బండంతా నిలబడుతుందంటే నేను వెళ్తాను చెల్లీ."

"వద్దన్నయ్యా! నీ అంత బాగా ఆడేవాడు మనలో ఎవరున్నారు?"

"అందుకే నేను వెళ్లాలి. వర్ణించేటప్పుడు మంచి కుచ్చులున్నవాణ్ణి చూడాలిగా," అని నవ్వాడు.

పచ్చల గుండె పగిలేలా ఏడ్చింది. ఆ ఏడుపు తలుచుకుంటే ఆ పరిషత్తు మీద నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

తళుకు తనంతట తనే తుమ్మముల్లు మీద వాలాడు. ప్రాణం పోయాక గోదురుకప్ప పరిశీలనకు దగ్గరికొచ్చాడు. ఈగ కనబడింది కదా, పాత అలవాటు, నాలుక బయటికొచ్చేసింది. తాను అధ్యక్షుణ్ణని సగం దారిలో గుర్తొచ్చి వెనక్కి లాక్కున్నాడు. అప్పటికే కుచ్చులున్న ముందుకాళ్లు రెండూ లోపలికి పోయాయి.

దూరం నుంచి పచ్చల, పక్క నుంచి తొండ అంతా చూశారు. గోదురుకప్ప తొండ వైపు గుర్రుగా చూశాడు. తొండ తల ఊపాడు.

మిగిలినదాన్ని చూసి మధ్యాహ్నం కునుకుకు ముందే వర్ణన ముగించారు. పేరు దగ్గర మాత్రం వానాకాలమంతా గడిచిపోయింది. పరిషత్తు తీర్మానాలను టేకుచెట్టు మీద చెక్కే వడ్రంగిపిట్ట విసిగిపోయి, "ఊటబండ ఈగ అంటే సరిపోదా?" అంది.

"అందులో నేనెక్కడున్నాను?" అన్నాడు గోదురుకప్ప.

చివరికి చెట్టు మీద ఇలా పడింది: "మహాగోదురు ఈగ. రంగు పచ్చ. కాళ్లు నాలుగు. కుచ్చులు లేవు. ముల్లు మీద ఉంటుంది. కదలదు."

చెక్కింది చెరపకూడదని ఒక నియమముంది. తన పేరు ఎవడైనా చెరుపుతాడేమోనన్న భయంతో గోదురుకప్పే దాన్ని పెట్టించాడు. ఆ సాయంత్రం ఆయనకు ఘనంగా సన్మానం జరిగింది. మెడ దొరక్క దండ పొట్టకు వేశారు.

పందులు ఊరుకుంటాయా? ఆ ఈగ నిజంగా బండ మీద ఉందో లేదో చూడాలన్నాయి. కొలువు తొండను తనిఖీకి పంపింది. పందుల నాయకుడు వెంట వచ్చాడు.

పచ్చల ఎదురెళ్లి, "మేమే అయ్యా ఆ జాతి," అంది.

తొండ వంగి కాళ్లు లెక్కపెట్టాడు. "ఆరున్నాయి. చెట్టు మీద నాలుగే కదా."

"మా అన్న కాళ్లు మీ అధ్యక్షులవారే మింగారు! మీ కళ్లతో మీరే చూశారు!"

తొండ తల ఊపాడు. "చూశాను. చూసినట్టు చెట్టు మీద లేదు."

"పైగా ఎగురుతున్నారు కూడా," అన్నాడు పందుల నాయకుడు.

బండ కింది నుంచి గోదురుకప్ప దూకుతూ వచ్చాడు. "ఆగండి! ఇవే ఆ ఈగలు! వర్ణించినవాణ్ణి నేనే!"

"అయితే వర్ణన తప్పన్నమాట," అన్నాడు తొండ. "తప్పు చెక్కించినవాడు అధ్యక్షుడిగా ఎలా ఉంటాడు?"

గోదురుకప్ప ఇల్లు చూసుకున్నాడు. పదవి తలుచుకున్నాడు. పచ్చల ఆయన నోటి వైపే చూస్తోంది. ఒక్క ముక్క నిజం చెబితే బండ దక్కుతుంది.

"వర్ణన... తప్పు కాదు," అన్నాడు. ఆ తర్వాత పచ్చల వైపు తిరిగి గొంతు తగ్గించి, "అమ్మా, మీరే కాస్త సర్దుకోండి. ముందుకాళ్లు రెండూ తీసేసి కాసేపు కదలకుండా కూర్చుంటే సరిపోతుంది," అన్నాడు.

"ఆ కాళ్లు లేకపోతే మావాళ్లు దేంతో ఆడతారు? మా పిల్లలు ఎలా పుడతారు? మా అన్న ప్రాణం ఇచ్చింది దీనికా? నువ్వూ ఒక పెద్దమనిషివేనా!" అంది పచ్చల.

పందుల నాయకుడు అప్పటికే బండ కింద ముట్టె పెట్టాడు. ఒక్క ఊపుకు బండ దొర్లింది. పచ్చలా తనవాళ్లూ చెమ్మ వెతుక్కుంటూ ఎండలోకి లేచిపోయారు. వాళ్లను మళ్లీ ఎవరూ చూడలేదు. గోదురుకప్ప ఇంట్లోకి పరుగెత్తబోయి పంది కాలి కింద పడ్డాడు.

ఇప్పుడు పరిషత్తుకు తొండే అధ్యక్షుడు. పదవిలోకి రాగానే, పాత అధ్యక్షులవారిని ముల్లుకు గుచ్చించి, వారి జాతిని కూడా శాస్త్రీయంగా వర్ణించి చెట్టు మీద చెక్కించాడు: "గోదురుకప్ప. పలచగా, అప్పడంలా ఉంటుంది. కదలదు."

ఆ వేళ నుంచీ అడవిలో గుండ్రంగా ఉన్న గోదురుకప్పలన్నీ తామూ ఆ జాతేనని చెప్పుకుంటూ కొలువు చుట్టూ తిరుగుతున్నాయి.

నీతి: చెక్కిన అంకెకూ ఉన్న కాళ్లకూ తేడా వస్తే, విరగ్గొట్టుకోవలసింది కాళ్లే.