చక్రం బాబాయి బొటనవేలు

ఒకటో తారీఖు నుంచి ఫోను ఒప్పుకుంటే తప్ప ఏ వీధికీ నీళ్ళు వదలరాదని నీటి సరఫరా శాఖ సగర్వంగా ప్రకటించింది. ఇన్నేళ్ళూ పొద్దున్న ఆరింటికల్లా నీళ్ళు వదులుతున్న మాట నిజమేనని శాఖ కూడా ఒప్పుకుంది. అయితే, వదిలారనడానికి కుళాయిల్లో నీళ్ళు రావడం తప్ప గట్టి ఆధారమేమీ లేదన్న దిగులు పైవాళ్ళను చాలాకాలంగా పీడిస్తోంది.

ఆ ఆధారం కోసమే తొమ్మిదేళ్ళ కిందట 'జలసాక్షి' అని ఒక జావా ప్రోగ్రాం రాయించారు. నీళ్ళు వదిలిన మనిషి తన మీటల ఫోనులో దాన్ని తెరిచి ఐదో అంకె నొక్కితే పచ్చటి టిక్కు పడేది. తొమ్మిదేళ్ళలో అది ఒక్కనాడూ మొరాయించలేదు. పని అంత సాఫీగా జరిగిపోతుంటే శాఖ అనేది ఒకటుందని జనం మరిచిపోయే ప్రమాదం ఉంది. అందుకని పాత ఫోనులన్నీ వెనక్కి తీసుకుని, లినక్సు మీద నడిచే కొత్త ఫోనులు ఇవ్వాలని తీర్మానించారు. జలసాక్షి జోలికి మాత్రం పోలేదు. దాన్ని రాసినాయన ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలియదు. రాసిందేమిటో ఆయనకైనా గుర్తుందో లేదో అనుమానమే.

మన కథలో ముఖ్యుణ్ణి నాలుగు వీధులవాళ్ళూ చక్రం బాబాయి అంటారు. ఊళ్ళో చక్రం తిప్పేది మేమేనని చెప్పుకునే పెద్దమనుషులకు కొదవ లేదు గాని, నిజంగా చక్రం తిప్పి బతికేది ఈయనొక్కడే. వీధి మలుపులో ఇనప మూత కింద ఒక గొయ్యి, గోతిలో పైపు. బాబాయి పొద్దున్నే ఇంటి నుంచి చక్రాన్ని భుజాన వేసుకొచ్చి, పైపుకు తగిలించి పద్ధెనిమిది చుట్లు తిప్పుతాడు. ఇరవయ్యారేళ్ళుగా తిప్పీ తిప్పీ ఆయన బొటనవేలు చిన్నసైజు బంగాళాదుంపంత అయింది. జ్వరమొచ్చినా, వానొచ్చినా ఒక్కపూట నీళ్ళు ఆలస్యం కాలేదని ఆయనకు కాస్త గర్వం. ఉద్యోగంలో ఆ గర్వం తప్ప ఆయన సంపాదించుకున్న ప్రమోషను మరొకటి లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన కూతురు ఆడపిల్లను కన్నది. ఒకటో తారీఖుకు పిల్లకు పన్నెండో రోజు. తల్లీ పిల్లా బాబాయి ఇంట్లోనే ఉన్నారు. చంటిపిల్ల ఉన్న ఇంటికి నీళ్ళెంత అవసరమో పిల్లల్ని పెంచినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, పెంచనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

ఫోనుల పంపిణీ సభలో పెద్ద ఇంజినీరు గంటంపావు మాట్లాడారు. "ఇది మామూలు ఫోను కాదు! ఇందులో ఉన్న లినక్సు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ప్రపంచమంతటా వేలమంది చెయ్యీ చెయ్యీ కలిపి తయారు చేశారు. దీనికి యజమాని లేడు, మీకు బానిసత్వం లేదు. ఇందులో ఏముండాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ పూర్తిగా మీది!"

పదిమంది చేరితే పాము చావదన్న సామెత బాబాయికి గుర్తొచ్చింది. వేలమంది చేరితే ఏమవుతుందో సామెతలో లేదు కాబట్టి ఆయనా చప్పట్లు కొట్టాడు. దిగిపోయే ముందు ఇంజినీరు గారు ఇంకో చిన్న మాట చెప్పారు. ఇకపై టిక్కు ముందు, నీళ్ళు తరవాత. టిక్కు పడకుండా చక్రం తిప్పినవాణ్ణి నీళ్ళ దొంగ కింద జమకట్టి ఉద్యోగంలోంచి తీసేస్తారు. దానికీ చప్పట్లు పడ్డాయి.

ఒకటో తారీఖు ఆరింటికి బాబాయి గోతి పక్కన గొంతుక్కూర్చుని, ఫోను తీసి, జలసాక్షిని నొక్కాడు. తెర నల్లబడింది. మూలన తెల్లటి గీత ఒకటి మిణుకుమిణుకుమంది. బాబాయి గీతను చూశాడు, గీత బాబాయిని చూసింది. అలా గంటసేపు చూసుకున్నాక శాఖ నిపుణుడు వచ్చాడు.

"ఇందులో జావా లేదు బాబాయ్," అన్నాడు నిపుణుడు.

"అదేంటయ్యా?"

"జలసాక్షి వంట అనుకో, జావా పొయ్యి. పొయ్యి లేందే వంట ఎలా అవుద్ది?"

"మరి పాత ఫోన్లో అయ్యేదిగా?"

"దానికి పొయ్యి పుట్టుకతోనే ఉంది. ఇది స్వేచ్ఛ ఉన్న ఫోను. ఏది కావాలంటే అది మనమే పెట్టుకోవచ్చు."

"అంటే ఏదీ లేదన్నమాట."

"ఆ మాట ఆఫీసులో అనకు," అన్నాడు నిపుణుడు గొంతు తగ్గించి.

"పోనీ నా పాత ఫోను నాకిచ్చెయ్యకూడదూ?"

"అది లాకర్లో ఉంది. పాడైందని రాస్తేగాని వేలం వెయ్యరు. ఇద్దరు మనుషుల్ని పెట్టి పాడు చేయిస్తున్నారు. ఎంత కష్టపడినా పాడవట్లేదట."

ఇక జావా పెట్టాలంటే ఫోనుకు పాస్‌వర్డు చెప్పాలి. స్వేచ్ఛ ఉన్న ఫోను కాబట్టి శాఖ ఆ పాస్‌వర్డును సీలు వేసిన కవరులో పెట్టి బీరువాలో దాచింది. దాన్ని ముగ్గురు అధికారులు కలిసి తెరవాలి. ముగ్గురూ ఒకేరోజు ఆఫీసుకు రావడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు పెద్ద ఇంజినీరు స్వయంగా నల్లతెర ముందు కూర్చుని పాస్‌వర్డు కొట్టారు. తెర మీద అక్షరం ముక్క పడలేదు. లినక్సు పద్ధతే అంత. గుట్టు పక్కవాడికి తెలియకూడదని కొట్టేవాడికి కూడా చూపించదు. ఆ సంగతి తెలియని ఇంజినీరు గారు గట్టిగా నొక్కారు, ఆ తరవాత కోపంగా నొక్కారు. "మీరింకా కొట్టలేదండీ," అన్నారు రెండో అధికారి. తాను కళ్ళారా చూశానన్నారు మూడో అధికారి, ఏం చూశారో మాత్రం చెప్పలేకపోయారు. ముగ్గురూ అలిగి టీకి వెళ్ళినప్పుడు నిపుణుడు అర నిమిషంలో కొట్టేశాడు. "పాస్‌వర్డు ఉమ్మడిగాను, విజయవంతముగాను కొట్టబడినది" అని రికార్డులో రాసుకున్నారు.

జావా వచ్చింది. వచ్చింది సరికొత్త జావా. జలసాక్షికి కావలసింది మీటల ఫోనుల కాలం నాటి బుల్లి జావా. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన చుట్టాలు కారు కదా. కొత్తది పాతదాన్ని గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు. నిపుణుడు రెండు రోజులు తల పట్టుకుని, పాత ఫోనులా నటించే ఇంకో ప్రోగ్రాం ఎక్కడినుంచో వెతికి తెచ్చాడు. ఏడో రోజున జలసాక్షి తెరుచుకుంది. కొత్త ఫోను తెర మీద పాత ఫోను బొమ్మ ప్రత్యక్షమైంది. ఆ బొమ్మఫోనుకు తపాలా బిళ్ళంత తెర, దాని కింద ఆవగింజలంత మీటలు. ఐదు నొక్కుము అంటోంది జలసాక్షి.

బాబాయి నొక్కాడు. ఆ బొటనవేలి కింద ఐదుతో పాటు చుట్టూ ఉన్న ఎనిమిది అంకెలూ పడ్డాయి. తప్పు మీట, మొదటినుంచి రమ్మంది జలసాక్షి. చిటికెనవేలితో నొక్కితే ఆరు పడింది. శాఖ వెంటనే స్పందించి ఒక భూతద్దం మంజూరు చేసింది. అందులో మీటలతో పాటు వేలు కూడా పెద్దదైంది. అగ్గిపుల్లతో పొడిచి చూశాడు. ఆ తెర ప్రాణమున్న వేలికే తప్ప పుల్లకు పలకదట. పోనీ బొమ్మను కాస్త పెద్దది చెయ్యరాదా అంటే, శాఖ ఆమోదించిన కొలత అదేనని జవాబొచ్చింది.

ఎనిమిది రోజులు నాలుగు వీధుల్లోనూ చుక్క నీరు లేదు. అయినా శాఖ గుండెమీద చెయ్యి వేసుకుని నిశ్చింతగా ఉంది. దానికి కారణముంది. రోజూ ఏడింటికి ఇంటింటి ఫోనుకూ శాఖ నుంచి ఒక సందేశం వస్తుంది: "నేటి నీటి సరఫరాతో మీరు తృప్తి చెందారు." దాని కింద మీట ఒకటే, "అవును" అని. నొక్కేదాకా ఆ సందేశం తెర మీంచి కదలదు. దాని వెనకాల పాటలున్నాయి, చుట్టాల కబుర్లున్నాయి, ఎవరి పెళ్ళిలో ఎవరు ఎంత లావుగా పడ్డారో చూపించే ఫోటోలున్నాయి. జనం ఖాళీ బిందె చంకన పెట్టుకుని, శాఖను నోరారా తిడుతూ "అవును" నొక్కేశారు. ఎనిమిది రోజులూ తృప్తి నూటికి నూరు. బాబాయి ఎదురుపడితే మాత్రం ఆయన్నే నాలుగు దులిపారు. మనిషిని తిట్టడానికి మీట అక్కర్లేదు గదా.

తొమ్మిదో రోజు తెల్లవారేసరికి ఇంట్లో ఉతకని పొత్తిగుడ్డల కుప్ప మంచమెత్తు అయింది. బాబాయి భార్య, వీధివాళ్ళ పిన్ని, నడుం మీద చెయ్యి వేసి నిలబడింది.

"చెయ్యుంది, చక్రముంది, పైపులో నీళ్ళున్నాయి. తిప్పడానికేం మాయరోగం మీకు?"

"దొంగనంటారే. ఇరవయ్యారేళ్ళు చేసి, ఆ పేరుతో దిగిపొమ్మంటావా?"

"పసిగుడ్డుకు ఒళ్ళంతా నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందో తెలుసా?"

బాబాయికి తెలుసు. ఆయన రోజులు లెక్కపెడుతూనే ఉన్నాడు. నాలుగు వీధులకు నీళ్ళిచ్చిన చెయ్యి సొంత మనవరాలికి చెంబెడు నీళ్ళు ఇవ్వలేకపోయిందని ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. అది దాచుకోవడానికి ఉయ్యాల మీదికి వంగాడు. పిల్ల గుప్పిట విప్పి తాత బొటనవేలిని తడిమింది. బాబాయి పిల్ల చూపుడువేలిని చూశాడు. బియ్యపుగింజకు కాస్త ఎక్కువ, అంతే. ప్రాణమున్న వేలు.

ఆరింటికి గోతి దగ్గరికి చిన్న ఊరేగింపు వచ్చింది. ముందు చక్రంతో బాబాయి, వెనక ఫోనుతో నిపుణుడు, ఆ వెనక పిల్లతో పిన్ని. నిపుణుడు భూతద్దం పట్టాడు. పిన్ని పిల్ల వేలిని మెల్లిగా ఐదు మీద ఆనించింది. పచ్చటి టిక్కు పడింది. పిల్ల తుమ్మింది. బాబాయి శకునం కూడా చూసుకోకుండా పద్ధెనిమిది చుట్లూ తిప్పేశాడు. పైపులు దగ్గాయి, గరగరలాడాయి, నాలుగు వీధుల్లో కుళాయిలు బుస్సుమన్నాయి. జనం కేకలు పెడుతూ బిందెలు, బకెట్లు, గిన్నెలు, ఆఖరికి బొమ్మల పెట్టెలు కూడా పట్టుకుని పరిగెత్తారు. ఆ రోజు పిన్ని ఉతికిన పొత్తిగుడ్డలతో దండెం కిందికి వంగిపోయింది. మనవరాలు గోరువెచ్చటి నీళ్ళలో కాళ్ళు తపతప కొట్టింది. బాబాయికి ఆ చప్పుడు విని కడుపు నిండిపోయింది.

మర్నాడు మెమో వచ్చింది. "మీ పరిధిలోని నాలుగు వీధులలో ఎనిమిది దినములు నూటికి నూరుగా నిలిచిన ప్రజల తృప్తి తొమ్మిదవ దినమున సున్నాకు పడిపోయినది. ఇందుకు గల కారణమును స్వయముగా హాజరై వివరించవలెను."

కారణం పెద్దదేం కాదు. ఏడింటికి సందేశం వస్తుంది, ఏడున్నరకు లెక్క మూసేస్తారు. ఆ అరగంటా జనం నీళ్ళు పట్టుకుంటున్నారు. తడిచేత్తో ఫోను ముట్టుకునే తెలివితక్కువవాళ్ళు ఆ నాలుగు వీధుల్లో ఎవరూ లేరు.

విచారణలో పెద్ద ఇంజినీరు గోడ మీద గ్రాఫు వేసి చూపించారు. "ఎనిమిది రోజులు జనం ఎంత హాయిగా ఉన్నారో చూశావా? తొమ్మిదో రోజు ఏదో ఘోరం జరిగింది. ఆ రోజు నువ్వేం చేశావయ్యా?"

"నీళ్ళు వదిలానండి."

"రాసుకోండి," అన్నారు గుమాస్తాతో. "ఒప్పుకున్నాడు."

"టిక్కు పడ్డాకే తిప్పాను సార్. మా మనవరాలు నొక్కింది."

"ఆవిడ మన శాఖలో ఉద్యోగా?"

"మూడువారాల పిల్లండీ."

"రాసుకోండి. అనధికార వ్యక్తి."

బాబాయి పక్షాన చెప్పడానికి వీధులవాళ్ళు వచ్చారు. అన్నాళ్ళు తిట్టినందుకు లోపల సిగ్గుపడుతూనే వచ్చారు. మొదటి ఎనిమిది రోజులూ చుక్క రాలేదని, బాబాయి వదిలిన రోజే గొంతు తడుపుకున్నామని ఒక్క గొంతుతో చెప్పారు. ఇంజినీరు గారు శాంతంగా విని, ఎవరి ఫోను లెక్క వాళ్ళ ముందు పెట్టారు. "మరి తృప్తి చెందామని నొక్కిందెవరు? అప్పుడు అబద్ధమాడారా, ఇప్పుడు ఆడుతున్నారా?"

"అడ్డంగా వచ్చింది గదండీ, నొక్కేశాం," అందొక పెద్దావిడ. ఆ ఒక్క నిజాన్నీ గుమాస్తా రాసుకోలేదు.

సదరు ఉద్యోగి నీటి సరఫరా ద్వారా ప్రజల తృప్తికి భంగం కలిగించినందున సస్పెండు చేయడమైనదని తీర్పు వచ్చింది. చక్రాన్ని స్వాధీనం చేసుకుని లాకర్లో పాత ఫోను పక్కన పెట్టారు. రెండూ ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేసే స్థితిలోనే ఉన్నాయి. అప్పీలు చేసుకోవడానికి వారం గడువిచ్చారు. అప్పీలు ఫోనులోనే పెట్టుకోవాలి.

మర్నాడు పొద్దున్న బాబాయి సొంత ఫోను ముందేసుకుని అప్పీలు రాయడానికి కూర్చున్నాడు. ఎదురుగా పిన్ని కుళాయి కింద ఖాళీ బిందె పెట్టి, రెండు క్షణాలు చూసి, మళ్ళీ తీసేసింది. లోపల పిల్ల ఏడుస్తోంది. సరిగ్గా ఏడు కొట్టింది. తెర మీద సందేశం నిలిచింది: "నేటి నీటి సరఫరాతో మీరు తృప్తి చెందారు."

అప్పీలు దాని వెనకాల ఉంది. బాబాయి సందేశం కింద ఉన్న మీట వంక చూశాడు. ఈ మీటకు భూతద్దం అక్కర్లేదు, పసిపిల్ల వేలూ అక్కర్లేదు. తెరలో సగం మేర పరుచుకుని ఉంది. ఆ బంగాళాదుంప బొటనవేలికి కొలిచి చేయించినట్టు సరిపోయింది. పిన్ని మొహం తిప్పుకుంది. బాబాయి నొక్కాడు.

ఆయన్నేమీ అనకండి. ఇవాళ పొద్దున మీ తెర మీద కూడా ఏదో అడ్డొచ్చింది, దాని వెనకాల మీకూ ఏదో పనుంది. అందులో ఏం రాసుందో ఇప్పుడు చెప్పగలరా?