ఒకే కంప్యూటర్, ఇద్దరు పాలోళ్లు

ఆ పొద్దున అహల్య పెట్టుకున్న పని చిన్నదే. చాయ చల్లారేలోపు కంప్యూటర్‌లో భిక్షపతి సేటు సగానికి కొత్త డాస్ ఎక్కించాలి, శభాష్ అనిపించుకోవాలి. ఎందుకంటే నెలాఖరుకు ఆమెను మాన్పించి, ఎవరి ఆపరేటర్‌ను వాళ్లు తెచ్చుకుంటామని అన్నదమ్ములిద్దరూ చెప్పేశారు. జనగామలో ఆ కుర్చీ తప్ప ఆమెకు వేరే కొలువు లేదు.

పత్తి మిల్లు నడిపే ఆ అన్నదమ్ములు నిరుడు, 1988లో, వేరుపడి పాలోళ్లయ్యారు. అప్పటినుంచి మాటల్లేవు. గోదాములు పంచుకున్నారు, కాంటాలు పంచుకున్నారు, కంప్యూటర్ దగ్గర చిక్కుపడ్డారు. పంపకాలు చేసిన మాజీ పట్వారీ జగపతి దాన్నీ వదల్లేదు. హైదరాబాదు ఇంజనీరుతో లోపలి డిస్కును రెండు భాగాలు చేయించాడు. ఒక్కో భాగాన్ని నడపడానికి ఒక్కో సాఫ్ట్‌వేర్: అన్న వెంకటనర్సయ్యకు యూనిక్స్, తమ్ముడు భిక్షపతికి డాస్. స్విచ్ వేయగానే ఎవరిది తెరవాలని మెషిన్ మర్యాదగా అడిగేది.

కొత్త డాస్ ఎక్కాక మర్యాద పోయింది. ఎవర్నీ అడక్కుండా తిన్నగా భిక్షపతి వైపే తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే వెంకటనర్సయ్య దిగాడు.

"నా సగం ఏదమ్మా?"

"లోపట్నే ఉన్నది సేటు. జర దారి బందయింది, గంతే."

"దారి బందు పెట్టిండా వాడు! ఇయ్యాల దారి, రేపు గట్టు!"

"నేను మిషిన్ ముట్టనే లేదు!" అని గోడవతలి నుంచి భిక్షపతి అరిచాడు.

ఇంజనీరుకు ట్రంకాల్ చేయడానికి అహల్య పోస్టాఫీసుకు పరుగెత్తింది. ఇంజనీరు అంతా విని, కడుపుబ్బా నవ్వి, ఉపాయం చెప్పాడు.

తిరిగొచ్చేసరికి భిక్షపతీ వచ్చి ఉన్నాడు. జగపతి టేపు పట్టుకుని మెషిన్ డబ్బాను కొలిచేశాడు. నడిమధ్య సుద్దగీత. గీత సరిగ్గా ఒక స్క్రూ మీదుగా పోయింది. అది ఎవరిదన్న తగవు అరగంటగా నడుస్తోంది.

"తగవు తెగుతలేదు. రంపం తేపోండ్రి" అన్నాడు జగపతి.

"ఆగుండ్రి!" అహల్య డబ్బాకు అడ్డం నిలబడింది. "ఎవలది తెరవాలెనని అడిగే దర్వాజ ఎవ్వల పాలుకు రాలే. అది ఉమ్మడిది. మీల ఎవ్వలు ముట్టినా ఇంకొకలది మాయమైతది."

అన్నదమ్ములు ఏడాది తర్వాత మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులో ప్రేమేమీ లేదు, భయమే.

ఉమ్మడి అనే మాట వినగానే జగపతికి ప్రాణం లేచొచ్చింది. ఉమ్మడి బావికైనా బాటకైనా ఆయన దగ్గర ఒకటే తీర్పు. స్టాంపు కాగితం తెప్పించి చదువుతూ రాశాడు. "దర్వాజ ఉమ్మడి. కావలి అహల్య. ఆమెను మాన్పియ్యాలంటే ఇద్దరు ఒక్కమాట మీద దస్కతు పెట్టాలె."

ఇద్దరూ ఒక్కమాట మీదికి రావడం ఈ జన్మలో జరిగే పని కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

అహల్య కాగితం మడిచి దాచుకుంది. అందర్నీ బయటికి పంపి తలుపేసుకుంది. గంట తర్వాత నుదురు తుడుచుకుంటూ వచ్చి, "అయింది" అంది. మెషిన్ మళ్లీ ఎవరిది తెరవాలని అడుగుతోంది.

లోపల ఆమె చేసిందల్లా ఇంజనీరు చెప్పినట్టు, మొదట తెరుచుకునే భాగం నంబరు దగ్గర ఒకటి అంకె తీసి రెండు కొట్టడం, ఆ తర్వాత తీరిగ్గా జడ వేసుకోవడం.