వెల్మార్ ఒపెరా హౌస్ చరిత్ర, ఎటోబికో శాఖ

ఐరోపాలోని వెల్మార్ మహానగర ఒపెరా హౌస్ అనే సంగీత నాటకశాల చరిత్రను కెనడాలోని ఎటోబికోలో, ఒక పరుపుల దుకాణం పైఅంతస్తులో బోధిస్తారు. 2022లో ఒక్క గోదావరి జిల్లాల నుంచే నూట నలభై మంది ఆ చరిత్ర కోసం తపించిపోయి విమానం ఎక్కారు. మనవాళ్ళలో ఇంతటి సంగీత పిపాస దాగి ఉందని ప్రభుత్వాలు అంతవరకు గుర్తించకపోవడం విచారకరం.

వారిలో పాలకొల్లు కృపాబాయి ఒకతె. పాపం, నర్సింగ్ చదవాలనుకుంది. భీమవరం కన్సల్టెన్సీ వారు నర్సింగ్ సీట్లు అయిపోయాయనీ, ఒపెరా మాత్రం మిగిలిందనీ సెలవిచ్చారు. "చిన్నతనంలో తాతగారు వెల్మార్ తీసుకెళ్ళగా, మూడో అంతస్తు బాల్కనీ చూసి కన్నీరు పెట్టుకున్నాను" అని ఆమె తరఫున వీసా ఉత్తరం కూడా వారే రాసిపెట్టారు. నూట నలభై మంది తాతగార్లూ అదే బాల్కనీ చూపించారు. ఉన్నది ఉన్నట్టు రాసిన పిల్ల ఒకతెకు వీసా రాలేదు, రాకూడదు కూడా.

కృపాబాయి వెర్రిబాగులది, నిజంగానే చదివింది. మిస్సిసాగా గోదాములో పెట్టెలు స్కాన్ చేసి వస్తూ బస్సులో పుస్తకం తెరిచేది. ఆ భవనం మూడుసార్లు తగలబడిందట. ప్రభువుల కంట పడకుండా పేదలకు వేరే మెట్లు కట్టారట. వేళకు చప్పట్లు కొట్టడానికి కూలిమనుషుల్ని పెట్టారట. ఈ విశేషాలు క్లాసులో చెప్పబోతే లెక్చరర్ యోగానంద్ గారు, "ఇవన్నీ నీకెందుకమ్మా, అటెండెన్స్ పడిందిగా!" అని మందలించారు.

అలా చదివే అలవాటుతోనే ఇమిగ్రేషన్ నిబంధనలూ చదివింది. చదువయ్యాక అక్కడే ఉండి పనిచేసుకోవడానికిచ్చే వర్క్ పర్మిట్ ఈ కోర్సుకు రాదు.

కాలేజీ వార్షికోత్సవానికి ముఖ్య అతిథి రత్నరాజు గారు. తెలుగు సంఘంలో పెద్ద, కాలేజీకి గౌరవ సలహాదారు. "ఒపెరా అనగా ఐక్యత! ఐక్యత అనగా కెనడా!" అని ఇరవై నిమిషాలు ఉద్ఘాటించారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. కృపాబాయి లేచి నిలబడింది.

"అంకుల్, ఈ కోర్సుకి పర్మిట్ రాదంట. అయిపోయాక మేం ఇంటికెళ్ళిపోవాల్సిందేనా?"

"పర్మిట్ ఇచ్చేది మనుషులా తల్లీ? ప్రార్థనలో పెట్టుకో" అన్నారాయన. హాలంతా చప్పట్లు.

ఆ రోజు కృపాబాయి కరువుతీరా ఏడ్చింది. తన రెండేళ్ళు పోతే పోయాయి, చెల్లెలు టీనా మాత్రం ఈ గోతిలో పడకూడదు. ఆదివారం ఊళ్ళో చర్చి స్త్రీల కూడికలో, దేవుడు చేసిన మేళ్ళు చెప్పే సాక్ష్యం ఆమె చేత ఇప్పించడం కోసం తల్లి శాంతమ్మ ఫోన్‌ను మైకు దగ్గర పెట్టింది.

"అందరూ వినండి. ఇక్కడ పర్మిట్ రాదు. నేను మోసపోయా. టీనాని పంపొద్దు, మీ పిల్లల్నీ పంపొద్దు" అని ఏడుస్తూ చెప్పింది. సంఘం బహు శ్రద్ధగా విన్నది.

బుధవారం శాంతమ్మ ఫోన్ చేసింది.

"నీ సాక్ష్యం విని పదకొండు మంది అప్లై చేశారే! మన టీనా కూడా."

"అమ్మా! వద్దన్నాను కదే!"

"అందుకేనే. వెళ్ళినదానివి, ఇంకెవర్నీ రావద్దని అంత ఏడ్చావంటే, అక్కడ ఎంత బాగుండి ఉండాలి!"