గొంగళి బ్యూరో

ఒక పెద్ద అడవిలో కొత్తగా కచేరీ పెట్టారు. ఏనుగు అధ్యక్షుడు, నక్క సెక్రటరీ. అధ్యక్షుడి పని నిద్ర. మిగతా పనంతా నక్కది.

బల్ల గరుగ్గా ఉందని నక్క చుక్కమ్మ అనే గొర్రె ఇంటికెళ్లింది. "రెండ్రోజులకి నీ గొంగళి ఇయ్యమ్మా, పరుచుకుంటాను" అంది. తన ఉన్నితోనే సాలీడు చేత నేయించుకున్న గొంగళి అది. నలుగురి పని కదా అని చుక్కమ్మ ఇచ్చేసింది. పాపం, గొర్రె మనసు!

రెండ్రోజులు రెండు నెలలయింది. పైగా కాగితాలకి వెంట్రుకలు అంటుకుంటున్నాయని నక్క విసుగొకటి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడమంటే ఇదే.

పుష్యమాసపు చలికి వణుక్కుంటూ చుక్కమ్మ కచేరీకి వెళ్లింది. "నక్కబావా, నా గొంగళి..."

"బావా గీవా ఏమీ లేదిక్కడ. సెక్రటరీగారూ అను. అయినా ఇది గొంగళి కాదు, బ్యూరో!"

యానాంలో ఫ్రెంచి మాస్టారి పంజరంలో ఆరేళ్లు చదువుకున్న చిలుక గొంతు సవరించుకుంది. "ఫ్రెంచివాళ్లు బల్లమీద పరిచే ముతక ఉన్నిగుడ్డకి ఆ పేరుండేది. గుడ్డ పేరు బల్లకొచ్చింది, బల్ల పేరు ఆఫీసుకొచ్చింది. ఇంగ్లీషువాళ్లు ఆ మాటే అరువు తెచ్చుకున్నారు."

"విన్నావా? నువ్వడిగేది ఆఫీసుని! ఆఫీసుని ఎవరైనా కప్పుకుంటారా?" అంది నక్క.

చుక్కమ్మకి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంటుంటే గోడమీది ఉత్తర్వు కనిపించింది. మొన్న కోతి పోటీగా ఇంకో బల్ల వేస్తే, నక్కే ఏనుగు పాదముద్ర వేయించి తగిలించింది: 'బ్యూరో ఉన్నచోటే కచేరీ.'

చుక్కమ్మ దాన్ని పైకి చదివింది. గొంగళి ఒక్క లాగు లాగి కప్పుకుంది. "కచేరీ మా ఇంటికి పోతోంది. పనున్నవాళ్లు రండి" అంది.

వరసలో నిలబడ్డ జంతువులన్నీ ఆమె వెనకే నడిచాయి. నక్క లబోదిబోమంటూ ఏనుగుని లేపింది. ఏనుగు ఉత్తర్వు చూసి, "ముద్ర నాదే కదయ్యా" అని మళ్లీ పడుకుంది.

చుక్కమ్మకి ఎన్నాళ్లకో ఒళ్లు వెచ్చబడింది. ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఉడుత వచ్చింది. "వదినా, గూడు పడిపోయింది. పిల్లలు చలికి చస్తున్నారు. ఆ గొంగళి అంచు కాస్త..."

చుక్కమ్మ గొంగళి మెడదాకా లాక్కుంది.

"వదినా గిదినా ఏమీ లేదిక్కడ. సెక్రటరీగారూ అను. రేపు రా."

నీతి: గొంగట్లో దూరాక గొర్రెకైనా చలి గుర్తుండదు.