తాళం వేసిన తలుపు ముందు

ఆ శనివారం పాస్టరుగారి ఏర్పాటు చాలా తేలికైనది. హాలు తలుపుకి కొత్త తాళం బిగించిన వడ్రంగి పొద్దున్నే దాని చెవి తెస్తాడు, హాలు ఊడ్చి కుర్చీలు వేసుకోవాలి, పదింటికి కాలనీ ప్రెసిడెంటు వస్తాడు. "మీ క్రైస్తవ కేంద్రానికి మనుషులొస్తారని చూపించండి. లేదంటే హాలు జిమ్ముకిచ్చేస్తా" అని ఆయన ముందే తేల్చేశాడు.

వడ్రంగి జాడ లేదు. పాస్టరుగారు వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, తలుపు దగ్గర భార్య వెనక నిలబడ్డారు. ఆ కొత్త కాలనీలో ఇళ్ళకింకా నీళ్ళ కనెక్షన్లు రాలేదు. ఇద్దరు ఒక తలుపు ముందు నిలబడితే చాలు, మూడోవాడు వెనక చేరతాడు. ఏమిస్తున్నారో తర్వాత కనుక్కుంటాడు.

కాసేపటికి వరుస మెట్లు దిగి రోడ్డెక్కింది.

"నీళ్ళ కనెక్షన్లటండీ!" అంది ఒకావిడ.

పాస్టరుగారు రెండు చేతులూ అడ్డంగా ఊపారు. "ఇక్కడేమీ ఇవ్వరమ్మా! ఇది ప్రార్థన హాలు. ఇళ్ళకెళ్ళండి!"

"బాగుందండీ వరస! మేం పోతే మీరిద్దరే పట్టుకుపోదామనా?" అన్నాడు రిటైరైన మాస్టారు.

పాస్టరమ్మ భర్త చెయ్యి గిల్లింది. "నిలబడ్డవాళ్ళని ఎందుకు తరుముతారు? ప్రెసిడెంటుని రానివ్వండి."

"అబద్ధమవుతుందే!"

"మీరు నోరు తెరిస్తే కదా అయ్యేది!"

ఆయన నోరు మూసుకున్నారు. ఈలోగా జనం వరండాలోని కుర్చీలు వేసుకున్నారు. ఒక నర్సు మాస్టారి కాలివాపు చూసింది. ఎవరో ఫ్లాస్కుతో టీ తెచ్చారు. ఇన్నాళ్ళూ పలకరించుకోని పక్కిళ్ళవాళ్ళు చోటు కోసం పోట్లాడుకుని మరీ పరిచయమయ్యారు.

ప్రెసిడెంటు వచ్చి గుడ్లు తేలేశాడు. "ఇంతమంది మీ కోసమేనా?"

పాస్టరుగారు ఇక ఆగలేకపోయారు. "కాదండీ ప్రెసిడెంటుగారూ! నీళ్ళ కనెక్షన్ల కోసం!"

పాస్టరమ్మ నెత్తి కొట్టుకుంది. ప్రెసిడెంటు నవ్వాడు. "అయితే హాలు జిమ్ముకే."

అప్పుడు వరుస మొత్తం ఆయనవైపు తిరిగింది.

"ఓహో, ప్రెసిడెంటు మీరేనా? మరి కనెక్షన్లెప్పుడు?" అన్నాడు మాస్టారు, కుర్చీలోంచి లేస్తూ.

ప్రెసిడెంటు వెనక్కి నడుస్తూ తలుపుకి ఆనుకున్నాడు. "పాస్టరుగారూ, వీళ్ళని లోపల కూర్చోబెట్టండి! హాలు మీదే! ముందు తలుపు తియ్యండి బాబూ!"

"తాళంచెవి నా దగ్గరుందయ్యా!" వరుస చివరినుంచి వడ్రంగి అరిచాడు. "పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నా. ముందుకి రానిస్తేనా!"

"మధ్యలో దూరతానంటే ఎవరూరుకుంటారు?" అంది నర్సు.

తలుపు తెరుచుకుంది. ఇంతసేపు నిలబడి ఊరికే పోవడమేమిటని అందరూ కుర్చీలతో సహా లోపలికి నడిచారు. పాస్టరుగారి కళ్ళు చెమర్చాయి.

ఆనాటినుంచి ప్రతి ఆదివారం పాస్టరు దంపతులు తాళంచెవి జేబులో ఉంచుకుని, కాసేపు తలుపు ముందు ఒకరి వెనక ఒకరు నిలబడుతున్నారు.