చిలక ముక్కులో గింజలు

ఆ రోజు సెలవు. వాచీలు బాగుచేసే ఆయన కాఫీ తాగి, వరండాలో పేపరు చదువుకోవాలని తప్ప మరే పనీ పెట్టుకోలేదు. అంతలో, అత్తగారు ఊళ్లోనే ఉన్న చిన్నకూతురి ఇంటికి వెళ్తూ నాలుగు రోజులు చూసుకోమని అప్పగించిన చిలక పంజరంలోంచి ఒక్క తుమ్ము తుమ్మింది.

ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని చూశాడు. ముక్కు రంధ్రంలో గుండ్రంగా, గట్టిగా ఏదో ఉంది. రెండోదాంట్లోనూ అలాంటిదే.

"గింజలు ఇరుక్కున్నాయి," అన్నాడు భార్యతో.

రెండు వైపులా అంత సరిగ్గా ఎలా ఇరుక్కుంటాయని ఆమెకు అనుమానం. డాక్టరుకు చూపిద్దామంది. ఆవగింజలో సగం లేని మరల్ని ఇరవై రెండేళ్లుగా తీస్తున్న చేతికి ఇదొక లెక్కా అంటూ ఆయన సన్న పట్టకారు తెచ్చాడు. వాచీలు కరవవన్న సంగతి ఆ క్షణంలో ఆయనకు తట్టలేదు.

చిలక పట్టకారును వదిలేసి బొటనవేలు అందుకుంది. ఆయన చెయ్యి విదిలిస్తే ఎగిరి అలమర ఎక్కింది. ఆయన తువ్వాలుతో స్టూలు ఎక్కాడు. కాసేపటికి తువ్వాలు చిలక మీద, స్టూలు ఆయన మీద పడ్డాయి.

సంగతి తల్లికి తెలియకూడదని భార్య వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. "ముక్కులో గింజలు ఇరుక్కున్నాయే. పీకబోతే ఇల్లంతా రక్తం. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం. అమ్మని ఇంకో రెండు రోజులు అక్కడే ఉంచు." ఎవరి ముక్కులో అన్నది హడావిడిలో చెప్పలేదు. చెల్లెలి ఫోను స్పీకరు మీద ఉంది. అమ్మ పక్కనే ఉంది.

ఎదురింటావిడ చెప్పిన గుర్తులు పట్టుకుని అత్తగారు ఆస్పత్రికి చేరేసరికి, డాక్టరు ముందుగా అల్లుడి వేలికి కట్టు కడుతున్నాడు.

"పశువుల డాక్టరు దగ్గరికి తెచ్చావేమే మనిషిని?" అని ఆవిడ కూతుర్ని నిలదీసింది. ఊపిరి ఆడుతోందా బాబూ అంటూ కన్నీళ్లతో అల్లుడి తల నిమిరింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అదే మొదటిసారి. నిజం చెప్పాలో, ఇంకాసేపు నిమిరించుకోవాలో ఆయనకు పాలుపోలేదు.

ఆ బాధ డాక్టరే తీర్చాడు. చిలకను పరీక్షించి, "ఇవి గింజలు కావండీ. ముక్కులో భాగమే, పుట్టుకతోనే ఉంటాయి. పీకి ఉంటే ప్రాణం మీదికొచ్చేది," అన్నాడు. ముక్కు పైన మురికి పడితే గోరువెచ్చటి నీళ్లలో తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడవాలి. లోపలికి పుల్ల కాదు కదా, నీటి చుక్క కూడా పోకూడదు. ఎప్పుడో ఒక తుమ్ము జబ్బు కాదు. ముక్కు కారినా, మూసుకుపోయినా తన దగ్గరికి తీసుకురావాలి. అదీ ఆయన చెప్పింది.

నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది. "పీకబోయింది మీరా?" అంది అత్తగారు.

"వాచీ అయితే ఏ ముక్క దేనికో తెలియకుండా ముట్టుకోనండి," అన్నాడాయన తల దించుకుని. "దీని దగ్గర తెలివి ఎక్కువైంది."

ఆవిడ తన చేతిని అల్లుడి తల మీంచి తీసి పంజరం మీద పెట్టింది.

ఆటోలో తల్లీకూతుళ్ల మధ్య చిలక కూర్చుంది. ఆయన డ్రైవరు పక్కన ఒదిగి, డాక్టరు చెప్పినట్టే, కట్టు కట్టిన బొటనవేలు నిటారుగా పైకెత్తి పట్టుకున్నాడు. దారిలో చూసినవాళ్లు ఆయనకేదో మంచే జరిగిందనుకున్నారు.