డిస్క్‌లో బాతుకు చోటుంది

కంప్యూటర్‌లో అక్కర్లేని సాఫ్ట్‌వేర్ ఎంత ఎక్కువుంటే ఆ ఇంటికి అంత శుభం! ఈ మాట ఊరికే అనడం లేదు, పూర్తి బాధ్యతతో అంటున్నాను. ఆ అక్కర్లేనివన్నీ ఏరి కూర్చి మీ నెత్తిన పెట్టే కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ణి.

మాది ఉచితంగా పంచిపెట్టే ఆపరేటింగ్ సిస్టం. దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించే డిస్క్‌లో ఏ ప్రోగ్రాములు ఉండాలో, ఏవి ఉండకూడదో తేల్చడమే మా పని. జీతం లేదు. టీ కూడా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. అయినా ఒక్కరూ రాజీనామా చెయ్యరు. ఎందుకు చేస్తారు? ప్రతివాడికీ సొంతంగా రాసుకున్న ప్రోగ్రాం ఒకటుంది మరి!

మా అధ్యక్షులవారికి లెక్కలంటే ప్రాణం. అందుకని డిస్క్‌లో నాలుగు కాలిక్యులేటర్లు. ఒకదాని మీద నమ్మకం లేకపోతే ఇంకోదాంతో సరిచూసుకోవచ్చు. నాలుగూ నాలుగు రకాలుగా చెబితే? మెజారిటీని బట్టి పోవాలి!

కార్యదర్శిగారి చలవ వల్ల టెక్స్ట్ ఎడిటర్లు కొల్లలు. కోపంగా ఉత్తరం రాద్దామని కూర్చున్నవాడు ఏ ఎడిటర్‌లో రాయాలో తేల్చుకునేలోపు ఆ కోపం కాస్తా చల్లారిపోతుంది. ఆ రకంగా ఎన్ని స్నేహాలు నిలబడ్డాయో ఎవరైనా ఆలోచించారా?

ఇక నా బాతు. మౌస్ కాసేపు కదపకపోతే తెర మీద ఒక బాతు ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తుంది. మధ్యలో ఆగి మీ వంక చూస్తుంది. అంతే. దానివల్ల ఉపయోగం ఏమిటని అడిగేవాళ్లున్నారు. అలాంటివాళ్లతో నేను మాట్లాడను.

బాతు కాస్త ఎక్కువ చోటే తింటుంది. డిస్క్ నిండిపోయింది. ఏదో ఒకటి తీసెయ్యాలి. అప్పుడు ఒక మహానుభావుడు లేచి, "తెలుగు ఫాంట్లు తీసేద్దామండీ, కావాల్సినవాళ్లు ఇంటర్నెట్‌లోంచి దింపుకుంటారు" అన్నాడు. ఆ మహానుభావుణ్ణి నేనే. అందరూ భేషన్నారు. అదే ఊపులో ఇంటర్నెట్‌కి కలిపే డ్రైవర్లు కూడా తీసేశాం. అవీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి కదా!

తయారైన డిస్క్‌ను మా కమిటీలో ఎవరూ ఇంట్లో వాడరు. ఆ కొరత నేనే తీర్చాలని ముచ్చటపడ్డాను. మా ఆవిడ బడిలో తెలుగు టీచరు. మర్నాడు పిల్లలకు పరీక్ష. ఆమె బజారుకెళ్లి వచ్చేలోగా ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్నదంతా శుభ్రంగా తుడిచేసి మా డిస్క్ ఎక్కించేశాను.

ఆమె వచ్చి, పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న ప్రశ్నపత్రం తెరిచింది. తెర నిండా ఖాళీ డబ్బాలు. మచ్చుకు ఒక్క అక్షరం లేదు.

"ఇదేంటండీ?"

"ఏముంది, ఖాళీలను పూరింపుము అని పైన రాసేస్తే సరి" అన్నాను.

"ఆ ముక్క కూడా ఖాళీగానే వస్తుందిగా!" అంది. తరవాత మెల్లిగా, "రేపు పిల్లల ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అంది. గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువుంది. నాకు నిజంగానే సిగ్గేసింది. సరిగ్గా అప్పుడే బాతు బయల్దేరింది. మధ్యలో ఆగి మా ఆవిడ వంక చూసింది.

ఫాంట్లు దింపుకుందామంటే ఇంటర్నెట్టే కలవదాయె! ఆ సాయంత్రం ఆమె చెబుతూ ఉంటే పత్రాలన్నీ నేనే చేత్తో రాశాను. ఒక్క క్లాసులో అంతమంది పిల్లలుంటారని అంతవరకూ నాకు తెలియదు.

తరవాతి మీటింగులో నేనే లేచి, ఫాంట్లు మళ్లీ పెట్టి తీరాలని ఆవేశంగా ఉపన్యసించాను. చప్పట్లు మోగిపోయాయి. "చాలా బాగా చెప్పారు. మరి చోటు కోసం బాతును తీసేద్దామా? సరేననేవాళ్లు చెయ్యెత్తండి" అన్నారు అధ్యక్షులవారు. సగం మంది ఎత్తారు. ఇంకొక్క చెయ్యి లేస్తే తీర్మానం నెగ్గుతుంది. అందరూ నావైపే చూశారు.

ఇంటికొచ్చి మా ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పాను. "ఏం చెయ్యమంటావ్? నీ పత్రాలు రాసీ రాసీ చెయ్యి పట్టేసింది. పైకి లేస్తేనా!"

ఆమె నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రాసింది కుడిచేత్తో కదండీ. ఎడం చేతికేమొచ్చింది?"